మన పితరుల పేర్లు ఎక్కడ వ్రాయబడి ఉన్నవి?

(రేడియో ప్రసంగ పాఠము. పత్రిక చదువరుల కొరకు కొన్ని వివరములు చేర్చబడినవి.)



బైబిలు చదివేటప్పుడు మనలో చాలామంది త్వరగా తిప్పివేసే పేజీలు కొన్ని ఉన్నాయి. ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయము అలాంటిదే. చెరనుండి తిరిగివచ్చినవారి పేర్లు, వారి ఊళ్లు, వారి సంఖ్యలు తప్ప అందులో ఏమీ లేదనిపిస్తుంది. అయితే 62వ వచనము దగ్గర కొంచెము ఆగండి. తాము యాజకుల వంశమువారమని చెప్పుకున్న కొందరు తమ వంశావళిని పుస్తకములో వెదకారు, అది దొరకలేదు. అందుచేత వారు యాజక సేవనుండి తొలగించబడ్డారు. ఒక పుస్తకములో పేరు ఉండుట, లేకపోవుట ఎంత పెద్ద సంగతియో చూచారా?

ఈ దినమున మన ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ప్రాంతాల క్రైస్తవ వ్యవసాయ కుటుంబాలు తమ పితరులను ఏ పుస్తకాలలో, ఏ కాగితాలలో వెదకవచ్చునో తెలిసికొందాము. “రాజులకు, జమీందారులకు వంశవృక్షము ఉంటుంది గాని, చేను చేసుకొని, కూలి చేసుకొని బ్రతికినవాళ్లము, మాకేమి ఉంటుందండీ?” అని మీరు అడగవచ్చు. ఉన్నది, ప్రియులారా. అది చాలవరకు మన మందిరపు బీరువాలోనే ఉన్నది.

ఈ పుస్తకము ఎలా వచ్చినది?

1538లో ఇంగ్లాండు దేశములో ప్రతి సంఘము బాప్తిస్మములు, వివాహములు, భూస్థాపనలు పుస్తకములో వ్రాయవలెనని ఆజ్ఞ వెలువడినది. 1563లో ట్రెంటు మహాసభ రోమన్ కతోలిక విచారణలలో వివాహ పుస్తకము, జ్ఞానస్నాన పుస్తకము ఉండవలెనని నిర్ణయించినది. ఆ అలవాటు ఓడలతోపాటు ఇతర దేశాలకు వెళ్లినది. అమెరికాలో ఇంగ్లాండువారి వలస రాష్ట్రమైన వర్జీనియాలో రెండు మూడు వందల సంవత్సరాల క్రితము జీవించిన రైతు కుటుంబాలను నేడు వారి సంతతివారు ఈ రెండింటి ద్వారానే కనుగొంటున్నారు: ఒకటి సంఘ రిజిస్టరు, రెండవది కోర్టులో దాఖలైన వీలునామా. పుస్తకము పుట్టుకను చెప్తుంది, వీలునామా పొలమును, పిల్లలను చెప్తుంది.

మన ప్రాంతానికి ఆ పుస్తకమును మిషనెరీలు తెచ్చారు. 1836లో బౌడెన్, బీర్ అను దొరలు వచ్చి నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో బ్రదరన్ సేవ ప్రారంభించారు. 1841లో చర్చి మిషనెరీ సొసైటీ తరపున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నానికి వచ్చారు. ఆ సొసైటీవారే 1854లో ఏలూరులో కేంద్రము తెరిచారు. 1840ల నుండి రాజమహేంద్రవరము కేంద్రముగా లూథరన్ మిషను పనిచేసినది. తరువాత కెనడా బాప్తిస్టులు ఆకివీడు కేంద్రముగా కొల్లేటి చుట్టూ ఉన్న పల్లెలకు సువార్త తెచ్చారు. రోమన్ కతోలిక విచారణలు వేరుగా ఉన్నాయి. ఏలూరు కతోలిక మేత్రాసనము 1976లో ఏర్పడినది.

ఈ చరిత్ర ఎందుకు చెప్తున్నాను? మీ ముత్తాతగారు ఏ మిషను సంఘములో చేరారో తెలియకపోతే ఏ పుస్తకము తెరవాలో తెలియదు. సి.యస్.ఐ., లూథరన్ సంఘాలలో, కతోలిక విచారణలలో పసిబిడ్డల బాప్తిస్మము ఉంటుంది, కనుక పుట్టిన కొద్దికాలానికే పేరు పుస్తకములోకి ఎక్కుతుంది. బాప్తిస్టు, బ్రదరన్ సంఘాలలో విశ్వసించిన తరువాతనే బాప్తిస్మము, కనుక పదిహేనో ఇరవయ్యో ఏళ్ల వయస్సులో గాని పేరు కనబడదు. అక్కడ పుట్టిన తేదీ దొరకలేదని నిరాశపడకండి. సంఘ సభ్యుల పట్టీ, బల్ల పుస్తకము, కానుకల పుస్తకము చూడండి.

ఇంటినుండి మొదలుపెట్టండి

మొదట మీ ఇంట్లో ఉన్న పెద్దవారి దగ్గర కూర్చోండి. అమ్మమ్మను, మేనత్తను, పెదనాన్నను అడగండి. “నీ పుట్టిల్లు ఏ ఊరు? మీ నాయన పేరేమి? బాప్తిస్మము ఇచ్చిన అయ్యగారెవరు? ఏ కాలువ గట్టున మీ చేను ఉండేది?” అని అడగండి. పాత కుటుంబ బైబిలు మొదటి పేజీ చూడండి. చాలామంది పెద్దలు పిల్లలు పుట్టిన తేదీలు అక్కడే వ్రాసుకున్నారు. సమాధుల తోటకు వెళ్లి రాళ్లమీది అక్షరాలు వ్రాసుకోండి. బడిలో చేరినప్పటి రిజిస్టరు కూడ మంచి సాక్ష్యమే.

నేటినుండి వెనుకకు ఒక్కొక్క తరమే వెళ్లండి. మీ నాన్నగారినుండి తాతగారికి, తాతగారినుండి ముత్తాతగారికి. “మన ఇంటిపేరుగల ఫలానా గొప్పవాడు మన వంశమే” అని పైనుండి క్రిందికి దిగవద్దు. అలా దిగినవారు చాలాసార్లు పరాయి వంశములో తేలుతారు.

ఏ జిల్లా కాగితము?

ఇంటివారి మాటలతో ఊరు, సంఘము తెలిసిన తరువాత ఆ ఊరు ఆ కాలములో ఏ జిల్లాలో ఉన్నదో చూడండి. ఒకే ఊరిలో పుట్టి, అక్కడే చనిపోయినవాని పేరు మూడు జిల్లాల కాగితాలలో ఉండవచ్చు. ఏలూరు 1859కి ముందు మచిలీపట్నము జిల్లాలో ఉండేది. 1859లో గోదావరి జిల్లాలోకి వచ్చినది. 1904లో కృష్ణా జిల్లాకు మారినది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడి ఏలూరు దాని ముఖ్య పట్టణమైనది. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా వేరైనది. తాడేపల్లిగూడెం భీమవరము కేంద్రముగా ఉన్న పశ్చిమ గోదావరిలోనే ఉన్నది. అప్పటివరకు కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు ప్రాంతము ఏలూరు జిల్లాలో కలిసినది. కనుక 1910 నాటి ఏలూరు కాగితము కృష్ణా జిల్లా పేరుమీద ఉంటే ఆశ్చర్యపోకండి. ఆంగ్ల పుస్తకాలలో ఏలూరును ఎల్లోరు అని వ్రాసేవారు.

బాప్తిస్మపు పేజీ ఎలా చదవాలి?

సంఘకాపరిగారి అనుమతితో పుస్తకము తెరిచినప్పుడు ఒక్క పేరు వ్రాసుకొని మూసివేయకండి. ఆ వరుస అంతా వ్రాసుకోండి. పుట్టిన తేదీ, బాప్తిస్మపు తేదీ, తండ్రి పేరు, తల్లి పేరు, నివాసము, తండ్రి వృత్తి, బాప్తిస్మమిచ్చిన అయ్యగారి పేరు, ఇవన్నీ వేరువేరు గడులలో ఉంటాయి. కతోలిక పుస్తకాలలో జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు కూడ ఉంటాయి. వారు చాలాసార్లు మేనమామయో, పెద్దమ్మయో అయి ఉంటారు.

పైన ఉన్న వరుస, క్రింద ఉన్న వరుస కూడ చదవండి. మన పల్లెలలో తొలి తరము ఒక్కొక్కరుగా రాలేదు. ఇల్లిల్లు కలిసి, ఒక్కొక్కచోట పేట అంతా కలిసి బాప్తిస్మము తీసుకున్నది. 1859లో రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్యగారు డార్లింగు దొరగారిచేత బాప్తిస్మము పొందిన తరువాత ఆయన సాక్ష్యము బంధువుల ద్వారా ఊరినుండి ఊరికి నడిచినదని మిషను చరిత్ర చెప్తుంది. కనుక ఒకే రోజు బాప్తిస్మము పొందినవారిలో మీ వియ్యాలవారు, మీ దాయాదులు ఉండవచ్చు.

పేరు మారుటను గమనించండి. నిన్నటివరకు వెంకయ్య, రేపటినుండి అబ్రాహాము. పాత పేరు, కొత్త పేరు ప్రక్కప్రక్కన వ్రాసి ఉంటే అది మీకు బంగారమే. పాత పేరు లేకపోతే తండ్రి పేరు, ఊరు పట్టుకొని వెళ్లాలి. ఆంగ్లములో వ్రాసినవారు ఇంటిపేరు వదిలివేసి ఉండవచ్చు, అక్షరాలు తమకు వినబడినట్టు వ్రాసి ఉండవచ్చు. పెద్దవారి వయస్సు చాలావరకు అంచనాయే. రెండు మూడేళ్ల తేడా వస్తే మనిషి వేరని వెంటనే అనుకోవద్దు.

వివాహము, భూస్థాపన

వివాహపు రిజిస్టరు రెండు ఇళ్లను కలిపే వంతెన. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము వచ్చిన తరువాత ఈ పుస్తకాలు మరి జాగ్రత్తగా వ్రాయబడినవి. వధూవరుల వయస్సు, నివాసము, వృత్తి, ఇద్దరి తండ్రుల పేర్లు, సాక్షుల సంతకాలు ఉంటాయి. సంతకము రానివారు వేలిముద్ర వేశారు. ఆ ముద్ర చూచినప్పుడు మీ కన్ను చెమ్మగిల్లితే సిగ్గుపడకండి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన వంశవృక్షాలలో కొడుకుల పేర్లే వ్రాస్తాము, కూతుళ్లను వదిలివేస్తాము. సంఖ్యాకాండము 27వ అధ్యాయములో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే ఎదుట నిలువబడి తమ తండ్రి పేరు ఎందుకు పోవలెనని అడిగారు. దేవుడు వారి మాట న్యాయమని ఒప్పుకున్నాడు. వారి అయిదుగురి పేర్లు లేఖనములో నిలిచినవి. మీ ముత్తవ్వ పుట్టింటి పేరు వివాహపు రిజిస్టరులో ఆమె తండ్రి పేరు ప్రక్కన ఉన్నది. దానిని వ్రాయండి.

భూస్థాపన పుస్తకము చాలామంది తెరవరు. అయితే తప్పును పట్టేది అదే. ఒక ఉదాహరణ చెప్తాను. 1930లో ఒక వరుడు దావీదు, 22 ఏళ్లు, తండ్రి యాకోబు, వృత్తి కూలి అని ఉన్నదనుకోండి. 1908 చుట్టుప్రక్కల బాప్తిస్మాలు చూస్తే అదే ఊరిలో యాకోబు కుమారుడు దావీదు ఇద్దరు కనబడ్డారు. ఎవరు మీ తాత? తల్లుల పేర్లు చూడండి. తరువాత భూస్థాపన పుస్తకము చూడండి. వారిలో ఒక దావీదు 1912లో నాలుగేళ్ల బిడ్డగా భూస్థాపన చేయబడి ఉంటే, 1930లో పెండ్లికొడుకు అతడు కాడు. అప్పుడు రెండవవాడే నిలుస్తాడు. పేరు ఒకటే అయినంత మాత్రాన మనిషి ఒకడే కాడు. ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట ప్రతి మాట స్థిరపడవలెనన్న వాక్యనియమము వంశావళికి కూడ వర్తిస్తుంది.

వీలునామా, భూమి కాగితాలు

హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 9వ అధ్యాయములో మరణశాసనము అనే మాట ఉన్నది. అదే మనము వీలునామా అంటాము. వ్రాసినవాడు జీవించి ఉండగా అది అమలులోకి రాదు. వీలునామాలో ఏమి ఉంటుంది? వ్రాసినవాని పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా, వయస్సు. తరువాత కొడుకులు, పెండ్లయిన కూతుళ్లు, వారికి పసుపు కుంకుమ క్రింద ఇచ్చినది. తరువాత పొలము. పొలము చెప్పిన తరువాత తూర్పు, దక్షిణము, పడమర, ఉత్తరము హద్దులు. ఈ నాలుగు హద్దులను శ్రద్ధగా చదవండి. పంచుకున్న అన్నదమ్ముల చేలు ప్రక్కప్రక్కనే ఉంటాయి, కనుక హద్దులో ఉన్న పేరు తరచుగా తమ్ముడిదో, చిన్నాన్నదో అవుతుంది. చివర సాక్షులు, వ్రాయసగాడు. వీరిలోను బంధువులు, సంఘపెద్దలు ఉంటారు.

వీలునామా రిజిస్టరు చేయుట తప్పనిసరి కాదు. కొందరు ఇంట్లోనే పెట్టెలో ఉంచారు. రిజిస్టరు చేసినవి సబ్-రిజిస్ట్రారు కార్యాలయములో మూడవ పుస్తకములో ఉంటాయి. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము వ్రాసినవాడు బ్రతికి ఉండగా ఆయనకు లేక ఆయన ప్రతినిధికి మాత్రమే నకలు ఇస్తారు. ఆయన మరణించిన తరువాత ఎవరు అర్జీ పెట్టుకున్నా నకలు ఇస్తారు. అమ్మకాలు, తనఖాలు, పంపకాలు మొదటి పుస్తకములో ఉంటాయి.

క్రైస్తవుల ఆస్తికి ఏ చట్టమన్న ప్రశ్న కూడ చరిత్రలో ఉన్నది. బళ్లారిలోని అబ్రాహాము అనే క్రైస్తవ కుటుంబపు వ్యాజ్యము లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు వెళ్లి 1863లో తీర్పు వచ్చినది. మతము మారినవారికి హిందూ ధర్మశాస్త్రము తప్పనిసరి కాదు గాని, వారు కోరుకుంటే పాత ఆచారమును నిలుపుకోవచ్చునని ఆ తీర్పు చెప్పినది. 1865 నాటి వారసత్వ చట్టము, తరువాత 1925 నాటి చట్టము మనకు వర్తించాయి. 1925 చట్టము ప్రకారము తండ్రి వీలునామా వ్రాయకుండా పోతే కూతురికి కొడుకుతో సమానమైన భాగము ఉన్నది. కనుక వంశవృక్షములో కూతురి పేరు వదిలివేయుట పేరుతో ఆగే సంగతి కాదు. ఆమె భాగము కూడ మరుగున పడుతుంది.

పాత కాగితాలలో తేదీలు మనలను తికమకపెడతాయి. ఫసలీకి 590 కలపండి. ఫసలీ 1335 అంటే 1925 జూలై 1 నుండి 1926 జూన్ 30 వరకు. తెలుగు సంవత్సరము పేరు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తుంది. నందన అంటే 1832 కావచ్చు, 1892 కావచ్చు, 1952 కావచ్చు. ఏ నందనయో ఇతర వివరాలతో తేల్చుకోండి. అడంగలు, సెటిల్‌మెంటు రిజిస్టరు, డైగ్లాటు వంటి గ్రామ లెక్కలు ఒకప్పుడు కరణముగారి దగ్గర ఉండేవి. 1984లో ఆ పదవి రద్దయినది. ఇప్పుడు తహసీలుదారు కార్యాలయములో అడగాలి.

భూమి లేనివారి సంగతి ఏమి?

ప్రియులారా, అసలైన మాట ఇక్కడ ఉన్నది. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత గోదావరి నీరు కాలువలలో పారినది, డెల్టా పచ్చబడినది. ఆ చేలు దున్నినవారిలో, నాట్లు వేసినవారిలో, కోత కోసినవారిలో ఎందరికి సొంత భూమి ఉన్నది? శిస్తు పుస్తకములో పట్టాదారుని పేరు ఉంటుంది. పాలేరు పేరు ఉండదు. భూమి లేనివాడు వీలునామాలో ఏమని వ్రాస్తాడు? జనాభా లెక్కల పత్రాలు చట్టప్రకారము ఎవరికీ చూపరు. అలాంటి మనిషి పేరును, అతని భార్య పేరును, అతని పసిబిడ్డ పేరును తేదీతో సహా వ్రాసి ఉంచిన పుస్తకము ఏది? సంఘ రిజిస్టరు. ఊరిలో “ఒరే” అని పిలువబడినవానికి ఆ పుస్తకములో తండ్రి పేరుతో కూడిన పేరున్నది.

వర్జీనియాలోను ఇదే జరిగినది. తెల్ల రైతుల వీలునామాలలో పొలము, పశువులతో పాటు బానిసల పేర్లు కూడ ఆస్తిగా వ్రాశారు. ఇంటిపేరు లేదు, ఒక్క పేరే. ఆ సంతతివారు నేడు ఆ దుఃఖకరమైన కాగితాలలోనే తమ ముత్తాతలను వెదకుచున్నారు. అలాగే 1860 నుండి 1911 వరకు మన దేశమునుండి దక్షిణ ఆఫ్రికాలోని నటాలుకు 1,52,184 మంది ఒప్పంద కూలీలుగా వెళ్లారు. ఓడ పట్టీలలో వారి పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా వ్రాశారు. వారిలో మన తీరపు జిల్లాలవారు ఎందరో ఉన్నారు. అక్కడి తెలుగు బాప్తిస్టుల మధ్య సేవ చేయుటకు 1903లో నెల్లూరునుండి జాన్ రంగయ్యగారు వెళ్లారు. వారి సంతతివారు ఒక రోజు మీ మందిరపు గుమ్మము దగ్గర నిలిచి “మా ముత్తాత మీ ఊరివాడు” అని అడిగితే, చూపించుటకు మీ దగ్గర పుస్తకము ఉండాలి గదా?

కొల్లేటి లంకలవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. లంకలో చిన్న మందిరము ఉన్నా, పుస్తకము గట్టుమీది పాస్టరేటు కేంద్రములోనో, విచారణ గురువుల నివాసములోనో ఉండవచ్చు. ముందు అక్కడ అడగండి. సరస్సు భూమికి అందరికీ పట్టాలు లేవు. కనుక 1970లలో చేపల చెరువులు కేటాయించినప్పటి సహకార సంఘాల సభ్యుల పట్టీలు మీకు భూమి కాగితముతో సమానము. 1999లో కొల్లేరు అభయారణ్యమైనది, 2006 నాటికి చెరువుల గట్లు కొట్టివేశారు. ఆ తరువాత వలస వెళ్లిన కుటుంబాలు తమ సంఘ బదిలీ పత్రము ఏ సంఘములో ఇచ్చారో వెదకండి.

ఊళ్లో దొరకనివారు మరి దూరము చూడవచ్చు. చర్చి మిషనెరీ సొసైటీ పత్రాలు ఇంగ్లాండులోని బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయములో, కెనడా బాప్తిస్టులవి హామిల్టనులోని మెక్‌మాస్టరులో ఉన్నవి. బెంగుళూరు యునైటెడ్ థియొలాజికల్ కళాశాలలో కూడ సంఘ పత్రాలు భద్రపరచబడినవి. అక్కడ మిషనెరీల ఉత్తరాలు, నివేదికలు ఎక్కువ. మీ తాత పేరు మాత్రము మీ ఊరి పుస్తకములోనే దొరుకుటకు అవకాశమెక్కువ.

రెండు జాగ్రత్తలు

మొదటిది, జీవించి ఉన్నవారి వివరాలు వారి అనుమతి లేకుండా బయట పెట్టవద్దు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హోదా లేదు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఒక పుదుచ్చేరి కేసులో బాప్తిస్మమును గూర్చిన ఆధారాన్ని లెక్కలోనికి తీసుకున్నది. అందుచేత ఆ పుస్తకములోని ఒక వరుస కొన్ని కుటుంబాల బ్రతుకుతో ముడిపడి ఉన్నది. సంఘకాపరిగారు వెనుకాడితే కోపపడకండి. మీ సొంత కుటుంబపు వరుసలు మాత్రమే, మరణించినవారివి మాత్రమే అడగండి.

రెండవది, పుస్తకమును కాపాడండి. యిర్మీయా 32వ అధ్యాయములో ప్రవక్త పొలము కొని, ఆ క్రయపత్రము చాలా దినములు నిలుచునట్లు మట్టికుండలో పెట్టించాడు. పట్టణము ముట్టడిలో ఉన్నప్పుడు కూడ ఆయన కాగితమును నిర్లక్ష్యము చేయలేదు. మన పుస్తకాలకు చెదలు ఉన్నది, తేమ ఉన్నది, వరద ఉన్నది. సంఘపెద్దలారా, ఆ పుస్తకములను నేలకు, గోడకు దూరముగా ఇనుప బీరువాలో ఉంచండి. చిరిగిన పేజీకి ప్లాస్టిక్ టేపు అంటించకండి, అది కాగితమును తినివేస్తుంది. ప్రతి పేజీని వెలుతురులో ఫోటో తీయించి, ఒక ప్రతి సంఘములో, ఒక ప్రతి అధ్యక్ష కార్యాలయములో ఉంచండి. యౌవనస్థులకు ఒక ఆదివారము సాయంత్రము ఈ పని అప్పగించి చూడండి.

ప్రియులారా, మన పేర్లు పరలోకమందు వ్రాయబడి ఉన్నవని సంతోషించుమని ప్రభువు తన శిష్యులకు చెప్పాడు. భూమిమీద మన పితరుల పేర్లు వ్రాసి ఉంచిన ఉపదేశులు, అయ్యగార్లు కూడ ఒక్కొక్క ఆత్మను పేరుపెట్టి పిలిచే ఆ దేవునినే సేవించారు. వారు సిరాతో వ్రాసిన దానిని మనము చెదలకు వదిలివేయకూడదు. ఈ వారమే మీ ఇంట్లో పెద్దవారిని అడిగి నాలుగు పేర్లు తెలిసికొని వ్రాసుకోండి. వాటిలో రెండు స్త్రీల పేర్లు ఉండనివ్వండి.

మన పితరుల దేవుడు మిమ్మును, మీ పిల్లలను, మీ పిల్లల పిల్లలను దీవించి కాపాడును గాక. ఆమేన్.